చేతులు కట్టుకోవాల్సింది నేనే

నాకు మూడో తరగతి ఇచ్చిన మొదటి ఏడాది, కాలాల పాఠం కోసం ఒక గోడంతా అలంకరించాను. ముందు రోజు రాత్రి పదకొండున్నర దాకా కూర్చుని రంగు కాగితాల్లోంచి గొడుగులు, స్వెట్టర్లు, సూర్యుళ్ళు కత్తిరించాను. మర్నాడు పిల్లలు చేసిందల్లా వాటి వెనక గమ్ రాసి, నేను చూపించిన చోట అంటించడమే. గోడ భలే కుదిరింది. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. వారం తర్వాత "చలికాలం అంటే ఏమిటి?" అని అడిగితే ఒకడు లేచి, "స్వెట్టర్ బొమ్మ టీచర్" అన్నాడు.

వాడి తప్పేం లేదు. వాడికి నేను చూపించింది అదే.

టీచర్ ట్రైనింగులో మాకు ఫ్రోబెల్ గురించీ మాంటిస్సోరి గురించీ చెప్పారు. 1837లో ఒకాయన జర్మనీలో చిన్నపిల్లల బడి పెట్టి చేతికి బంతులూ చెక్క దిమ్మలూ ఇచ్చాడని, 1907లో ఒకావిడ రోమ్‌లో పిల్లల ఇల్లు తెరిచిందని. ఆ సంవత్సరాలు నాకింకా నోటికి వచ్చు. పిల్లలు చేత్తో నేర్చుకోవాలన్న సంగతిని బట్టీ పట్టి పరీక్ష రాసిన బ్యాచ్ మాది. ఆ గోడ ముందు నిలబడితే గానీ, క్లాసులో పనిచేస్తున్న చేతులు నావొక్కటేనని నాకు అర్థం కాలేదు.

అప్పట్నుంచి మార్చుకుంటూ వచ్చాను. ఒక్కసారిగా కాదు, ఏడాదికి ఒకటి చొప్పున.

ముందు వాన. ప్లాస్టిక్ సీసా పైభాగం కోసి (కోసేది మాత్రం నేనే, ఆ విషయంలో రాజీ లేదు) దాన్నే తలకిందులు చేసి గరాటులా లోపలికి దించుతాం. సీసా అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి గులకరాళ్ళు వేసి, అవి మునిగేదాకా నీళ్ళు పోసి, ఆ మట్టం దగ్గర సున్నా గీత గీస్తాం. అక్కణ్ణుంచి పైకి మిల్లీమీటర్లు. ఒక ఏడాది లావు సీసా ఒకటి, సన్న సీసా ఒకటి పక్కపక్కన పెట్టి, దేంట్లో మట్టం ఎక్కువ వస్తుందో చెప్పమన్నాను. క్లాసు దాదాపు మొత్తం లావుదానికే చేతులెత్తింది. మర్నాడు చూస్తే రెండింట్లోనూ 14 మిల్లీమీటర్లే. సీసా కారిపోయిందన్నారు, ఎవరో ఒలకబోశారన్నారు, ఒకరి మీద ఒకరు నేరాలు మోపుకున్నారు. నా నోటి చివర జవాబు సిద్ధంగా ఉంది. బలవంతంగా ఆపుకున్నాను. కాసేపటికి కిటికీ పక్క పిల్ల, "లావుదానికి పొట్ట పెద్దదే, కానీ నోరు కూడా పెద్దదే కదా" అంది. ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

ఆ ఊపులోనే నేల మీద సుద్దముక్కతో మీటరు పొడవు, మీటరు వెడల్పు గడి గీశాం. ఆ గడి మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్ళన్న మాట. 14 మిల్లీమీటర్లంటే 14 లీటర్లు. బడి ఆవరణ 200 చదరపు మీటర్లు అనుకుంటే 2,800 లీటర్లు. గుణకారాలంటే పారిపోయేవాడే "మరి గ్రౌండు మీద?" అని అడిగాడు. ఆ రోజు లెక్కల పీరియడ్ వేరే పెట్టలేదు.

గింజల ప్రయోగం అందరూ చేయిస్తారు. నేనూ చేయించాను, మొదటిసారి ఘోరంగా దెబ్బతిన్నాను. తడి దూదిలో చిక్కుడు గింజలు పెట్టి, రోజూ నీళ్ళు పోయమన్నాను. పిల్లలకి ప్రేమెక్కువ. వచ్చిన ప్రతివాడూ పోశాడు. ఐదో రోజుకి క్లాసులో వాసన. గింజలన్నీ కుళ్ళిపోయాయి. ఇద్దరు ఏడ్చారు కూడా. పారేసి రహస్యంగా కొత్తవి పెట్టేద్దామా అన్న ఆలోచన నాకు వచ్చింది, అబద్ధమెందుకు. కానీ కుళ్ళినవాటినే బల్ల మీద పెట్టి, ఏమైందని అడిగాను. గింజకి నీళ్ళతో పాటు గాలి కూడా కావాలన్న మాట ఆ వాసన మధ్యే తేలింది. ఇప్పుడు ప్రతి ఏడాదీ ఒక గ్లాసు గింజల్ని కావాలనే ముంచేస్తున్నాం. దానికి పిల్లలు పెట్టుకున్న పేరు "పాపం గ్లాసు".

ఇంకో గ్లాసు బీరువాలో, చీకట్లో. పది రోజుల తర్వాత తలుపు తీస్తే, కిటికీ దగ్గరి మొక్కల కంటే బీరువాలోవే పొడుగ్గా ఉన్నాయి. "చీకట్లోవే గెలిచాయి టీచర్!" అని గోల. పుస్తకంలో చూస్తే మొక్కకి వెలుతురు కావాలని ఉంది, ఎదురుగా ఉన్నది ఇలా. అలాంటప్పుడు తొందరపడి సర్దిచెప్పకూడదు. రెండు రోజులు చర్చ నడిచింది. పాలిపోయిన పసుపు రంగు, నిలబడలేని సన్న కాడ, విప్పుకోని ఆకులు, ఒక్కొక్కటీ వాళ్ళే పట్టుకున్నారు. వెలుతురు కోసం వెతుక్కుంటూ, గింజలో దాచుకున్నదంతా పొడుగు పెరగడానికే ఖర్చుపెట్టేసిందని చివర్లో నేను ఒక్క వాక్యం కలిపాను.

చలికాలంలో ఐసు ముక్కలు వేసిన గ్లాసు బయట నీటిబొట్లు, ఎండాకాలంలో ఎండలో ఒక పళ్ళెం, నీడలో ఒక పళ్ళెం. ఇవి తేలిక, ఎవరైనా చేయించొచ్చు. గ్లాసు నీళ్ళలో కాస్త రంగు కలపడం మాత్రం మర్చిపోకండి. బయటి బొట్లకి రంగు లేదని చూశాకే, అవి గ్లాసులోంచి కారినవి కావని, గాలిలోంచి వచ్చినవని పిల్లలు నమ్ముతారు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది కర్ర. ఆవరణలో, చెట్టు నీడ పడని చోట, సరిగ్గా ఒక మీటరు ఎత్తున నిలబెట్టిన కర్ర. నెలకోసారి, మధ్య తేదీల్లో, దాని నీడ కొలుస్తాం. నీడ అన్నిటికంటే పొట్టిగా ఉండేది గడియారంలో సరిగ్గా పన్నెండుకే అనుకోకండి. పదకొండున్నర నుంచి పది నిమిషాలకో సుద్ద గుర్తు పెట్టి, పొట్టిదాన్నే తీసుకుంటాం. నీడ పొడవుకి కాగితపు రిబ్బను కత్తిరించి, నెల పేరు రాసి గోడకి అంటిస్తాం. (అవును, అదే గోడ. ఈసారి కత్తెరలు వాళ్ళవి. అంచులు వంకరే.)

అక్టోబరు 48 సెంటీమీటర్లు. నవంబరు 71. డిసెంబరు మూడో వారంలో 85. జనవరి 79. "సూర్యుడు దూరంగా వెళ్ళిపోతాడు, అందుకే చలి" అని క్లాసులో సగం మంది అనుకుంటారు, పెద్దవాళ్ళలోనూ చాలామంది అనుకుంటారు. భూమి సూర్యుడికి బాగా దగ్గరగా ఉండేది జనవరి మొదట్లోనే, దాదాపు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో. జులైలో 15.2 కోట్లు. ఈ అంకెలు చెప్పి ఊరుకుంటే ఏమీ ఎక్కదు. గదిలో దీపాలార్పి, గళ్ళ కాగితం మీద టార్చి నిటారుగా వేస్తే ఎన్ని గళ్ళు వెలుగుతున్నాయో, వాల్చి వేస్తే ఎన్నో లెక్కపెట్టించాను. అదే వెలుగు, ఎక్కువ గళ్ళకి పంచుకోవాలి. "అంటే ఒక్కో గడికి తక్కువే వస్తుంది" అని వాళ్ళే అన్నారు. డిసెంబరులో ఎండ వాలి పడుతుంది కాబట్టే రిబ్బను అంత పొడుగనీ, చలి కూడా అందుకేననీ అప్పుడు కొందరికి వెలిగింది. అందరికీ కాదు. మిగతావాళ్ళకి నాలుగో తరగతిలోనో ఐదులోనో వెలుగుతుందిలే అని వదిలేశాను.

ఫిబ్రవరి 57, మార్చి మూడో వారం 31, ఏప్రిల్ 13. రిబ్బన్లు వరసగా చూస్తే మెట్లు దిగినట్టు ఉంటుంది. గోడ ముందు నిలబడి ఒక పిల్ల వేళ్ళు మడిచి లెక్కపెట్టి, "వచ్చే నెలకి నీడే ఉండదు టీచర్" అంది. నిజమే. కర్కట రేఖకీ మకర రేఖకీ మధ్య ఉన్నచోట్ల ఏడాదిలో రెండు రోజులు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. మా కర్రకి వాటిలో మొదటిది మే మొదట్లో. అంటే వేసవి సెలవుల్లో, బడికి తాళం వేసి ఉన్నప్పుడు. చూపించలేకపోతున్నందుకు నాకు చాలా వెలితిగా అనిపించింది. ఆ పిల్ల మాత్రం టేపు అడిగి తీసుకుని తన ఎత్తు కొలుచుకుంది. ఎందుకని అడగలేదు. చేతులు కట్టుకుని ఊరుకున్నాను.

జూన్‌లో బడి తెరిచిన మొదటి రోజు. కొత్త మూడో తరగతి పిల్లలు, ఏడుపులు, ఎవరి బ్యాగు ఎవరిదో తెలియని గందరగోళం. గుమ్మం దగ్గర ఆ పిల్ల నిలబడి ఉంది, ఇప్పుడు నాలుగో తరగతి. సెలవుల్లో రోజూ మధ్యాహ్నం మేడ మీద నిలబడి తన నీడనే చూసుకుందట.

"టీచర్, మే నెలలో ఒకరోజు నా నీడ నా కాళ్ళ కిందకి వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చింది. కానీ ఇప్పుడు అటువైపు పడుతోంది."

అది జరుగుతుందని నాకు పుస్తకం చదివి తెలుసు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చూడలేదు. కొత్త పిల్లల్ని పక్క టీచరుకి అప్పగించి, పన్నెండు దాటగానే ఇద్దరం కర్ర దగ్గరికి వెళ్ళాం. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా మేం సుద్ద గీతలు పెట్టింది కర్రకి ఉత్తరం వైపు. నీడ ఆ రోజు దక్షిణం వైపు, జానెడు కూడా లేకుండా, పడి ఉంది.

"రిబ్బను ఎటు అంటిద్దాం టీచర్?" అంది.

గోడ మీద సున్నా గీతకి కింద చోటు లేదు. బెంచీ జరపాలి.