సాయంత్రం 5 గంటల ఆకలికి గుడాలు: నా అనుభవం

బరువు తగ్గుదామనుకున్నప్పుడు ఇబ్బంది పెట్టింది మధ్యాహ్నం అన్నం కాదు, సాయంత్రం 5 గంటల ఆకలి. నల్లగొండలో ఆ వేళకు బయటికొస్తే మిర్చి బజ్జీల బండి, పక్కనే చాయ్. చాయ్‌లో బిస్కెట్లు ముంచుకుని తింటే ఆకలి కాసేపే ఆగుతుంది. చక్కెర, మైదా తొందరగా అరిగిపోతాయి. రాత్రి 8కి తలె ముందు కూర్చుంటే అన్నం రెండింతలు పోతుంది. అందుకే ముందు ఆ ఒక్క పూటను సరిచేసుకున్నా.

దానికి పనికొచ్చినవి గుడాలు, అంటే నానబెట్టి ఉడికించి పోపు పెట్టిన గింజలు. పెసలు, బొబ్బర్లు, ఉలవలు, అనుములు, రోజుకొకటి. ఎండు గింజలు మనిషికి 40 గ్రాములు చాలు. అందులో 9 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటుంది, పీచు వేరే. నానితే రెండింతలకు పైగా ఉబ్బుతాయి కాబట్టి గిన్నె నిండుగానే కనిపిస్తుంది. పెసలు ఐదు గంటలు నానితే చాలు, కుక్కర్‌లో రెండు విజిల్స్. ఉలవలు మొండివి. రాత్రి నానబెట్టాల్సిందే, ఐదారు విజిల్స్ కావాలి. గింజ వేళ్ల మధ్య నొక్కితే నలగాలి, కానీ ముద్ద కాకూడదు. మెత్తగా అయితే నమలకుండానే మింగేస్తాం. కడుపు నిండిందన్న సంగతి మెదడుకు చేరడానికి 20 నిమిషాల దాకా పడుతుంది, ఆలోపే గిన్నె ఖాళీ.

పోపుకు నూనె ఒక టీస్పూన్, కొలిచి మాత్రమే. టీస్పూన్‌కు 40 కేలరీలు. సీసా వంచి పోస్తే ఎంత పడిందో తెలియదు, చేసిన లెక్కంతా అక్కడే పోతుంది. ఉల్లిగడ్డ, కొత్తిమీర, నిమ్మకాయ ఎంతైనా వేసుకోవచ్చు.

మొదటి వారం కడుపుబ్బరం వస్తుంది. చాలామంది అక్కడే మానేస్తారు. 20 గ్రాములతో మొదలుపెట్టి, నానబెట్టిన నీళ్లు పారబోసి వండితే తగ్గుతుంది. పీచు పెంచి నీళ్లు పెంచకపోతే మలబద్ధకం.

ఇక జొన్నరొట్టె. రొట్టె తింటే సన్నబడతారని ఊరంతా అంటుంది గానీ, పిండిగా తూచి చూస్తే జొన్నకు, బియ్యానికి కేలరీల్లో పెద్ద తేడా లేదు. 100 గ్రాములకు రెండూ 330 నుంచి 360 మధ్యనే. తేడా పీచులో ఉంది: జొన్నలో 10 గ్రాముల దగ్గర, తెల్ల బియ్యంలో మూడు కూడా ఉండదు. పైగా అన్నం జారిపోతుంది, రొట్టెను నమలాలి. 50 గ్రాముల పిండికి ఒక రొట్టె. మసిలే నీళ్లు పోసి, వేడి మీదనే అరచేతి మడమతో పిసకాలి. చల్లారితే, పిండి పాతదైతే, తట్టేటప్పుడు అంచులు పగుళ్లిస్తాయి. అప్పుడు మైదా కలపడం కంటే పిండిని గిర్నీలో కొద్దికొద్దిగా పట్టించుకోవడం మేలు.

రొట్టె కంటే ముందు కూర తినడం నాకు బాగా కలిసొచ్చింది. ఆనిగెపుకాయో (సొరకాయ), బీరకాయో, గంగవాయిలి కూరో ఒక గిన్నెడు తిన్నాక రెండో రొట్టె మీదికి చెయ్యి పోదు. పచ్చిపులుసుది మాత్రం ఉల్టా: పులుపుకు అన్నం ఇంకో గరిటె ఎక్కువే లాగుతుంది. మానమని చెప్పను, ఆ పూట అన్నం ముందే కొలిచి పెట్టుకోవాలి.

పల్లీలు పాలమూరు ఇళ్లల్లో ఎప్పుడూ ఉండేవే. ఆకలి ఆపుతాయి, కానీ 30 గ్రాములకే 170 కేలరీలు. డబ్బా ముందు పెట్టుకుంటే ఆగలేం. పొట్టుతో ఉడకబెట్టిన పల్లికాయ నయం, ఒలవాలి కాబట్టి చెయ్యి నెమ్మదిస్తుంది. బత్తాయిలూ అంతే. గ్లాసు రసానికి మూడు నాలుగు పండ్లు పిండుతారు, పీచు చెత్తబుట్టలో పడుతుంది. తొనలుగా తింటే ఒక్కటే చాలు.

ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు గానీ వాడేవాళ్లు అన్నం తగ్గించే ముందే డాక్టర్‌ను అడిగి మోతాదు చూపించుకోవాలి, లేకపోతే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. కిడ్నీ జబ్బు ఉంటే గుడాలు కూడా అడిగే తినాలి.