బడి కనిపిస్తుంది, వంతెన లేదు
విద్యా విధానాలను చదివి, జనానికి విడమర్చి చెప్పడం నా పని. నిన్న అమలాపురంలో బడుల విలీనం మీద చర్చ జరిగింది. ఐదో తరగతి వరకు బడి కిలోమీటరు నడకలోనే ఉండాలని విద్యాహక్కు చట్టం కింది 2010 నియమాలు చెబుతున్నాయి. అది చెబుతుండగానే ఒకావిడ లేచారు. "బడి కాలవ అవతల కనపడతానే ఉందండి. వంతెనే లేదు, చుట్టూ తిరిగెళ్లాలి. వానాకాలం గట్టంతా జారుడేనండి" అన్నారు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ కాలవలే మాకు అన్నం పెట్టాయి. ఆరేళ్ల పిల్లకి మాత్రం అవే అడ్డం. వరదల భయం, దారి లేకపోవడం లాంటివి ఉన్నచోట ఆ ప్రమాదం తప్పేలా బడి పెట్టాలని కూడా అవే నియమాల్లో ఉంది. ఆ వాక్యం మైకులో గట్టిగా చదివాను. ఆవిడ మాట వెనక చట్టం ఉందని అందరికీ తెలియాలి కదా! గట్టు వెంట నడిచి కొలిచిన దూరాలతో ఇప్పుడు అర్జీ రాస్తున్నాం.