ధర అదే, సరుకే తగ్గింది

షాంపూ సీసాని తలకిందులు చేసి అడుగు చూడండి. మధ్యలో లోపలికి నొక్కినట్టు ఒక గుంట కనిపిస్తుంది. కొంత గుంట అవసరమే, అడుగు చదునుగా ఉంటే సీసా బల్ల మీద నిలకడగా నిలబడదు. అదే గుంట కొన్నాళ్ళకి ఇంకాస్త లోతుకి దిగిందంటే మాత్రం కారణం వేరు. సీసా ఎత్తు అదే, వెడల్పు అదే, మూత అదే, ముందువైపు బొమ్మా అదే. మారిందల్లా వెనక లేబుల్ మీద కింది మూలన చిన్న అక్షరాల్లో ఉంటుంది: నిన్నటిదాకా 200 మిల్లీలీటర్లు, ఇప్పుడు 180.

ధర పెరగలేదు కదా అని సరిపెట్టుకుంటే మోసపోయినట్టే. పాత పరిమాణాన్ని కొత్త పరిమాణంతో భాగించండి: 200ని 180తో భాగిస్తే 1.111. అంటే మిల్లీలీటరు రేటు 11.1 శాతం పెరిగింది. సరుకు తగ్గింది 10 శాతమే అయినా రేటు అంతకన్నా ఎక్కువే పెరుగుతుంది, ఎప్పుడైనా ఇంతే. 20 శాతం తగ్గిస్తే 25 శాతం పెంచినట్టు, పావువంతు తగ్గిస్తే మూడోవంతు పెంచినట్టు. దానికితోడు ముద్రించిన ధర కూడా ఓ 5 శాతం పెంచారనుకోండి, 1.05ని 1.111తో గుణించాలి, అసలు పెరుగుదల దాదాపు 16.7 శాతానికి చేరుతుంది. కొనేవాళ్ళకి కనిపించేది ఆ 5 మాత్రమే.

దీన్ని ష్రింక్‌ఫ్లేషన్ అంటున్నారు. కంపెనీలు ఈ దారి ఎందుకు పడతాయంటే, మనకి ధర గుర్తున్నట్టు బరువు గుర్తుండదు. నెలనెలా కొనే సబ్బు ధర అడిగితే టక్కున చెబుతాం, అది ఎన్ని గ్రాములో చెప్పమంటే తడుముకుంటాం. ముడిసరుకు, ప్యాకింగ్, రవాణా, జీతాలు పెరిగినప్పుడు ఆ భారం ఎక్కడో ఒకచోట దించాలి కాబట్టి మన కన్ను పడనిచోట దించుతారు. ఖర్చులు నిజంగా పెరిగాయనడంలో అబద్ధం లేదు. పెంచినప్పుడు పెంచామని చెప్పకపోవడమే నా అభ్యంతరం.

2016లో టోబ్లరోన్ చాక్లెట్ బ్రిటన్‌లో 400 గ్రాముల నుంచి 360కి, 170 నుంచి 150కి దిగింది. పొడవు తగ్గించకుండా త్రికోణాల మధ్య సందులు వెడల్పు చేశారు కాబట్టే జనం పట్టుకున్నారు. అందరికీ తెలిసిన ఆకారం కాబట్టి అంత గొడవ అయింది. ఆకారం లేని సరుకులకి, అంటే పొడులకి, ద్రవాలకి, పేస్టులకి ఆ అవకాశమే లేదు. బ్రిటన్ జాతీయ గణాంక కార్యాలయం 2012 జనవరి నుంచి 2017 జూన్ దాకా లెక్క తీస్తే పరిమాణం తగ్గిన వస్తువులు 2,529 తేలాయి. ఫ్రాన్స్‌లో 2024 జూలై 1 నుంచి 400 చదరపు మీటర్లు దాటిన దుకాణాలు ఇలా తగ్గిన సరుకు దగ్గర రెండు నెలలపాటు బోర్డు పెట్టాలి. దక్షిణ కొరియాలో అదే ఏడాది ఆగస్టు 3 నుంచి తయారీదారులే మూడు నెలలపాటు తెలియజేయాలి, లేకపోతే జరిమానా. ఇలాంటి నియమం లేనిచోట ఆ పని మనమే చేసుకోవాలి.

చేసే పద్ధతి చిన్నదే: ధరని గ్రాములతో భాగించి వందతో గుణించండి, వంద గ్రాముల రేటు వస్తుంది. ఫోన్‌లో పది సెకన్ల పని. అయితే దేనితో భాగిస్తున్నామో చూసుకోకపోతే ఈ లెక్కే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఎక్కువమంది బోల్తాపడేది నూనె దగ్గర. ఒక ప్యాకెట్ లీటరు, ఇంకోటి కిలో, ధర దాదాపు ఒకటే. వంటనూనె నీటికన్నా తేలిక, లీటరు నూనె సుమారు 910 నుంచి 920 గ్రాములే తూగుతుంది. రెండూ ఒకే ధరకి వస్తే కిలో ప్యాకెట్‌లో దాదాపు 9 శాతం ఎక్కువ నూనె ఉన్నట్టు. పోల్చేముందు రెండింటినీ గ్రాముల్లోకి మార్చుకోవాలి.

ఐస్‌క్రీమ్‌ది ఇంకో చిక్కు. దాన్ని మిల్లీలీటర్లలో అమ్ముతారు, చిలికేటప్పుడు అందులోకి గాలి ఎక్కిస్తారు. గాలి లేకపోతే అది రాయిలా గడ్డకడుతుంది కాబట్టి కొంత ఉండాల్సిందే. ఆ గాలి కొలతని ఓవర్‌రన్ అంటారు. 100 శాతం ఓవర్‌రన్ అంటే డబ్బాలో సగం గాలి. రెండు లీటరు డబ్బాలని చెరో చేత్తో పట్టుకుంటేనే తేడా తెలిసిపోతుంది, లేబుల్ మీద నికర బరువు కూడా వేసుంటే ఇంకా తేలిక. నీళ్ళలోనో పాకంలోనో వేసి డబ్బాకెత్తిన సరుకైతే ద్రవం వంపేశాక మిగిలే బరువు చూడాలి. మొత్తం బరువుతో భాగిస్తే నీళ్ళకి కూడా డబ్బు కట్టినట్టు లెక్క.

పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవక అన్న నమ్మకం కూడా వదిలేయాలి. పెద్దది తీసుకునేవాళ్ళు లెక్క చూడరని కంపెనీలకి తెలుసు, అందుకే మధ్య సైజు కన్నా పెద్ద సైజుకే వంద గ్రాముల రేటు ఎక్కువ ఉన్న సందర్భాలు తగులుతూనే ఉంటాయి. "20 శాతం అదనం" అని రాసుంటే దేని మీద అదనమో చూడండి. ముందు 200 నుంచి 170కి తగ్గించి, తర్వాత 170 మీద 20 శాతం కలిపితే 204. పాత ప్యాకెట్ మీద మనకి దక్కింది 4 గ్రాములు.

బరువు తగ్గించకుండా నాణ్యత తగ్గించే దారి ఇంకొకటుంది, పట్టుకోవడం దీన్నే కష్టం. చాలా దేశాల్లో తినే వస్తువుల లేబుల్ మీద దినుసులని బరువు ప్రకారం పెద్దది ముందుగా రాయాలి. రెండోచోట ఉండే అసలు దినుసు నాలుగోచోటికి జారి, దాని స్థానంలోకి చక్కెరో పిండో ఎక్కితే వంటకం మారిందన్నమాట, ముందువైపు బొమ్మ ఏం చెప్పినా సరే. సబ్బులకి కొవ్వు పదార్థాల శాతం చూడాలి. అది తగ్గి, బరువు కోసం కలిపే పూరకాలు పెరిగితే సబ్బు త్వరగా మెత్తబడి అరిగిపోతుంది, బరువు మాత్రం పాతదే ఉంటుంది. బట్టలుతికే ద్రవానికి బరువుతో అసలు పనే లేదు, ఎన్ని ఉతుకులు వస్తాయన్నదే కొలత. 1000 మిల్లీలీటర్లు, విడతకి 50 చొప్పున 20 ఉతుకులు. కొత్త సీసాలో 960, మూత మీది గీత 60కి జరిగింది, ఇప్పుడు 16 ఉతుకులు. చూడ్డానికి 4 శాతం తగ్గింది, చేతికొచ్చింది 20 శాతం తగ్గింది. మూతలో గీత ఎక్కడుందో చూడకుండా నిండా పోసేవాళ్ళకి ఇంకా తక్కువే వస్తాయి.

మరి ఇంకో కంపెనీది కొనుక్కోవచ్చు కదా? కొనుక్కోవచ్చు, ఇంకో కంపెనీ నిజంగా ఉంటే. అరలో పది పేర్లుంటాయి, వెనక తయారీదారు పేరు చదివితే ఆ పదీ ఇద్దరిదో ముగ్గురిదో అని తేలడం మామూలు. ఈ గుత్తాధిపత్యాన్ని కొలవడానికి హెర్ఫిండాల్-హిర్ష్‌మన్ సూచీ వాడతారు. ఒక్కో కంపెనీ మార్కెట్ వాటాని వర్గం చేసి అన్నీ కూడడమే. చెరో 10 శాతంతో పది కంపెనీలుంటే 1000. చెరో 25తో నాలుగుంటే 2500. ఒకటి 70, మిగతా మూడూ పదేసి అయితే 5200. అమెరికా 2023 విలీన మార్గదర్శకాల్లో 1800 దాటితే బాగా కేంద్రీకృతమైన మార్కెట్ కిందే లెక్క. ముగ్గురే మిగిలినచోట రహస్య ఒప్పందం కూడా అక్కర్లేదు. ఒకరు తగ్గించిన ప్యాకెట్ తెస్తారు, జనం ఊరుకుంటే మిగతా ఇద్దరూ తెస్తారు.

ధరలు ఎక్కినంత వేగంగా ఎందుకు దిగవో కూడా ఇక్కడే అర్థమవుతుంది. బ్రిటన్ పెట్రోలు ధరల మీద ఆర్థికవేత్త రాబర్ట్ బేకన్ 1991లో రాసిన పరిశోధనా పత్రంతో దీనికి "రాకెట్లు, ఈకలు" అన్న పేరు స్థిరపడింది: ముడిసరుకు పెరిగితే ధర రాకెట్‌లా లేస్తుంది, తగ్గితే ఈకలా దిగుతుంది. అమ్మేవాళ్ళు చెప్పే కారణంలో కొంత నిజముంది, ఎక్కువ ధరకి కొన్న పాత నిల్వ అమ్ముడుపోవాలి కదా. కానీ ధర పెరిగేటప్పుడు తక్కువకి కొన్న పాత నిల్వ గుర్తురాదు. ధర కాస్త దిగగానే కొనేవాళ్ళు వేరేచోట వెతకడం ఆపేస్తారు, ఆ తీరిక అమ్మేవాళ్ళకి లాభం. అందుకే తగ్గుతున్న రోజుల్లోనే ఇంకా గట్టిగా వెతకాలి.

మన్నిక మీద కూడా ఇదే ఆట నడిచింది. 1924లో ప్రధాన బల్బు కంపెనీలు ఫీబస్ పేరుతో ఒక కూటమి కట్టి, బల్బు ఆయువు 1000 గంటలని ఖరారు చేసుకున్నాయి. నమూనాలు పరీక్షించి, ఎక్కువ గంటలు వెలిగిన బల్బు తయారుచేసిన సభ్యులకి జరిమానా వేసేవాళ్ళు. ఎక్కువకాలం వెలిగే ఫిలమెంటు అదే కరెంటుకి తక్కువ వెలుతురిస్తుందన్నది నిజమే, ఆ వాదనకి సాంకేతికంగా ఆధారముంది. జరిమానా పద్ధతి చూస్తే మాత్రం ఉద్దేశం తెలిసిపోతుంది. ఈరోజుల్లో దానికి దగ్గర ఉదాహరణ ప్రింటర్. యంత్రం చవకగా ఇస్తారు, సిరా దగ్గర రాబట్టుకుంటారు. కొనేముందు కార్ట్రిడ్జ్ ధరని అది ఇచ్చే పేజీల సంఖ్యతో భాగించండి. ఆ సంఖ్య ఐఎస్ఓ 24711 ప్రమాణం ప్రకారం కొలిచిందే అయినా, ఆపకుండా వరసగా ముద్రిస్తే వచ్చేది అది. నెలకి నాలుగు పేజీలు తీసేవాళ్ళకి, ప్రింటర్ తన సిరా చిమ్మే భాగాన్ని (ప్రింట్ హెడ్) శుభ్రం చేసుకోవడానికే బోలెడు సిరా పోతుంది, చెప్పినన్ని పేజీలు రావు. అలాంటివాళ్ళకి ఎండిపోని టోనర్ పొడితో నడిచే లేజర్ ప్రింటర్ మేలు.

వాయిదాల దగ్గర మరీ జాగ్రత్త. "వడ్డీ లేని వాయిదాలు" అన్నచోట మొదట అడగాల్సింది, మొత్తం ఒకేసారి కడితే ఎంతకిస్తారని. 100 వస్తువుని రొక్కానికి 95కి ఇస్తూ, వాయిదాలకి 100ని పన్నెండు నెలలకి పంచితే ఏడాదికి 9.6 శాతం వడ్డీ కట్టినట్టే. 10 శాతం ఫ్లాట్ వడ్డీ కూడా ఇలాంటిదే. అసలు నెలనెలా తీరుతున్నా వడ్డీ మొదటి రోజు మొత్తం మీదే వేస్తారు కాబట్టి, ఏడాది అప్పుకి అసలైన వడ్డీ 18 శాతానికి దగ్గరగా పడుతుంది.

వార్తల్లో "ద్రవ్యోల్బణం తగ్గింది" అన్నప్పుడు ధరలు తగ్గాయనుకోకూడదు. 100 ఉన్నది 8 శాతం పెరిగి 108 అయింది, మరుసటి ఏడాది 3 శాతం పెరిగి 111.24 అయింది. తగ్గింది పెరిగే వేగమే. పైగా ఆ అంకె సగటు ఇంటిది. సంపాదన తక్కువైనకొద్దీ అందులో తిండికి పోయే వాటా ఎక్కువని జర్మన్ గణాంకవేత్త ఎర్నెస్ట్ ఎంగెల్ 1857లోనే చూపించాడు. తిండి 10 శాతం, మిగతావి 4 శాతం పెరిగాయనుకుందాం. ఖర్చులో 60 శాతం తిండికే పెట్టే ఇంటికి 7.6 శాతం దెబ్బ, 20 శాతం పెట్టే ఇంటికి 5.2 శాతం. ఒకే బజారు, రెండు వేర్వేరు ద్రవ్యోల్బణాలు.

కాబట్టి ఇంటి లెక్క ఇంట్లోనే రాసుకోవాలి. తరచూ కొనే ఇరవై సరుకులు చాలు. పేరు, నికర బరువు, ధర, వంద గ్రాముల రేటు, తేదీ, ఈ ఐదూ మూడు నెలలకోసారి రాయండి. ఖాళీ ప్యాకెట్‌ని ముందూ వెనకా ఫోటో తీసి దాచండి, కొత్తది తగ్గినప్పుడు పోల్చడానికి అదే ఆధారం. తూకంలోనే తక్కువుందని అనుమానమొస్తే ప్యాకెట్ విప్పకముందు తూచి, ఖాళీ చేశాక కవరు తూచి, మొదటి తూకంలోంచి రెండోది తీసేయండి. ఒక్క ప్యాకెట్‌తో తీర్పు చెప్పకండి. ఐరోపా నిబంధనల్లో 500 గ్రాముల ప్యాకెట్‌కి 15 గ్రాముల దాకా తేడాని సహిస్తారు, సగటు మాత్రం రాసినంత ఉండాలి. ఒకే బ్యాచ్ నంబరువి నాలుగైదు తూచాక అన్నీ తక్కువే వస్తే, ఆ నంబరు, తయారీ తేదీ, తూకం ఫోటోలు, బిల్లు కలిపి తూనికలు కొలతల శాఖకి ఇవ్వండి. బ్యాచ్ నంబరు తప్పకుండా రాయండి, అది ఉంటేనే మిగతా ప్యాకెట్లని వాళ్ళు వెతికి తూచగలరు.