నిచ్చెన తేలే గదా

పదకొండు దాటింది. చిన్నోడు పడుకున్నాడు. ఆయన హాల్లో ఫోన్ చూసుకుంటూ తనలో తానే నవ్వుకుంటున్నాడు. అత్తయ్య గదిలో ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది (చేయించాలి, తెలుసు, ఎవరూ గుర్తు చేయక్కర్లేదు). నాకే నిద్ర రావట్లేదు. ఒక్క మాట పట్టుకుంది. సాయంత్రం మణికొండలో పనయ్యాక బకెట్లు కడుగుతూ లక్ష్మి అన్నది: "అక్కా, ఇయ్యాల నిచ్చెన తేలే గదా?"

అంతే. నేనేమంటానో అని కూడా చూడలేదు. గుడ్డ పిండి, దులిపి, బకెట్ అంచున వేసుకుని లిఫ్టు వైపు నడిచింది. నేనేదో "ఆఁ, అంతా లోపలి పనే కదా" అన్నాను. టోలిచౌకి ఫ్లైఓవర్ ఎక్కాక గానీ ఆ మాట నాకు బుర్రకెక్కలేదు. ఎక్కగానే స్కూటీ ఒక్కసారి నెమ్మదించానేమో, వెనక ఆటోవాడు హారన్‌తోనే నన్నూ మా వంశాన్నీ తిట్టిపోశాడు.

సంగతేంటంటే, మాది ఇళ్ళకూ షాపులకూ అద్దాలు శుభ్రం చేసే పని. మా దగ్గర నిచ్చెన ఎక్కేవాళ్ళకు రోజుకు 850, ఎక్కనివాళ్ళకు 600. కారణం ఎవరడిగినా ఠక్కున చెప్తాను, ఎన్నోసార్లు చెప్పాను కూడా. ఎత్తు మీద పని, కాలు జారితే ప్రాణం మీదికొస్తుంది, ఆ భయానికి ఖరీదు కట్టాలి. అందులో తప్పేముంది? ఏమీ లేదు. కాకపోతే ఇవాళ నిచ్చెన గోడౌన్‌లోనే ఉంది. నిచ్చెన ఎక్కే యాదగిరి నేల మీదే నిలబడి పని చేశాడు. లక్ష్మీ నేల మీదే చేసింది. అతని చేతిలో 850 పెట్టాను, ఆమె చేతిలో 600.

అసలు ఇవాళ నా చిరాకంతా ఆ ఫ్లాటావిడ మీద. పద్నాలుగో అంతస్తు, మూడు బెడ్రూములు, కిటికీలు తొమ్మిది, బాల్కనీ అద్దాలు రెండు. ఇంకా గృహప్రవేశం వాసన పోని ఇల్లు. కొత్త ఇల్లంటే మాకు పెయింటు చుక్కలు, సిమెంటు మరకలు, సిలికాన్ జిగురు. 4,500 అవుతుందని ముందే చెప్పాం, సరేనన్నది. గేటు దగ్గర సర్వీసు లిఫ్టులోనే రావాలన్నారు, సరే. ఆ లిఫ్టులో టైల్స్ మోస్తున్నారు, ఇరవై నిమిషాలు నిలబడ్డాం, అదీ సరే. పనంతా అయ్యాక ఆవిడ ప్రతి అద్దం ముందూ నిలబడి, తల వంచి వెలుగులో ఇటూ అటూ చూసి, వేలితో ఓ మూల రుద్ది (ఆ వేలిముద్ర మళ్ళీ లక్ష్మే తుడిచింది), "ఇద్దరే కదా వచ్చింది, అయిదు గంటల్లో అయిపోయింది కదా, 4,500 ఏంటండీ" అన్నది.

అయిదు గంటల్లో అయిందంటే పని వచ్చినవాళ్ళు చేశారని. పని రానివాళ్ళు చేస్తే రెండు రోజులు పట్టేది, అప్పుడు ఎక్కువిచ్చేదా? ఇది నేను అనలేదు. ఎప్పుడూ అనను. స్కూటీ మీద వస్తూ హెల్మెట్ లోపల అనుకుంటాను. చివరికి ఫోన్‌పేలో 4,000 వేసి, కింద "ఫైనల్" అని రాసి, పక్కన దండం బొమ్మ పెట్టింది. ఆ దండం బొమ్మ తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది. 500 కోసి దండం పెట్టడమేంటి? తిట్టినా ఇంకొంచెం నయంగా ఉండేది.

ఆవిడ అత్తగారు మాత్రం మంచిది. చివరి అద్దం పూర్తయ్యాక వచ్చి నిలబడి, "అది గోలకొండే కదా?" అని అడిగింది. నిజమే, దూరంగా పొగమంచులో గుట్ట, దాని నెత్తిన బాలా హిసార్. ఆ ఇంట్లోకి వచ్చి రెండు నెలలైందట, చూడనే లేదట. లక్ష్మి ముఖం వెలిగింది. సరే, అదొక్కటి.

లక్ష్మి పని మీరు ఒక్కసారి చూడాలి. సిమెంటు చుక్క మీద ముందు సబ్బునీళ్ళు పోసి నాననిస్తుంది. పొడి అద్దం మీద బ్లేడు పెడితే గీత పడుతుంది, గీత పడితే అద్దం ఖర్చు మా నెత్తినే. బ్లేడును దాదాపు పడుకోబెట్టి ముందుకే తోస్తుంది, వెనక్కి లాగదు. లాగితే ఊడిన ఇసుక రేణువు బ్లేడు కింద ఇరుక్కుని అద్దాన్ని గీరేస్తుంది. చుక్క ఊడినప్పుడు టిక్కుమంటుంది. ఆ తర్వాత వైపరును పైనుంచి పాము మెలికల్లా తిప్పుతూ దించుతుంది, లాగిన ప్రతిసారీ రబ్బరు అంచును నడుముకు దోపుకున్న గుడ్డకు తుడుస్తుంది. తుడవకపోతే అద్దం మీద చార మిగులుతుంది. చివరి కడుగుకు బోరు నీళ్ళు వాడదు, ఆరితే తెల్లచుక్కలు తేలతాయని, మేము మోసుకెళ్ళిన క్యాను నీళ్ళే. ఇదంతా నేర్పింది యాదగిరే. ఇప్పుడు అతని అద్దం పక్కన ఆమె అద్దం పెడితే, మూలల్లో ఆమెదే శుభ్రంగా ఉంటుంది. అతనే ఒప్పుకుంటాడు.

ఇంటికొచ్చి ఆయనకు చెప్పాను. అన్నం కలుపుకుంటూ, "అయితే ఇప్పుడేంటి, పెంచాలా?" అన్నాడు. పెంచితే బాగుంటుందేమో అన్నాను. "ఆడోళ్ళకి బస్సు ఫ్రీ కదా, ఖర్చేముంది?" అన్నాడు. ఇక చూస్కోండి. బోరబండలో బస్సెక్కి, మెహదీపట్నంలో దిగి, ఇంకో బస్సు పట్టుకుని, దిగాక ఆ గేటుదాకా షేర్ ఆటో. బస్సు ఫ్రీయే, ఆటోవాడికి ఆ పథకం లేదు. పొద్దున ఆరింటికి ఇల్లు కదిలితే గానీ తొమ్మిదికి చేరదు. ఇవన్నీ గడగడా అనేశాను. అత్తయ్య చారు గిన్నె పట్టుకుని వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది.

ఇక్కడిదాకా రాసి లేచి నీళ్ళు తాగొచ్చాను. అబద్ధం రాయకూడదు కాబట్టి రాస్తున్నా. ఆ బస్సు లెక్క ఆయనది కాదు, నాది. ముందు అందరికీ ఛార్జీల కింద రోజుకు 50 ఇచ్చేవాళ్ళం. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైంది, ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు టికెట్ లేకుండా పోయింది. ఆ జనవరిలో ఆడవాళ్ళ 50 తీసేసింది నేనే. నోటుబుక్కులో నా రాతే ఉంది. ప్రభుత్వం వాళ్ళకిచ్చిన దాన్ని నేను నా గల్లాలో వేసుకున్నాను. ఆయన నా మాటే నాకు తిప్పి చెప్పాడు, నేను ఆయన మీద అరిచాను.

ఉగాదికి పది రోజులుంది, అందుకే కాబోలు తాత గుర్తొస్తున్నాడు. నల్గొండ దగ్గర మా ఊళ్ళో ఉగాదికే జీతగాళ్ళ జీతం మాట్లాడేవాళ్ళు. ఏడాదికి ఇన్ని వడ్లు, ఇంత పైకం, ఒక గొంగడి, ఒక చెప్పుల జత. తాత అరుగు మీద కూర్చుంటే వాళ్ళు కింద నిలబడేవాళ్ళు. అదంతా నాకు మసక మసకే. బాగా గుర్తున్నది కోతల తర్వాత కళ్ళంలో కూలి కొలవడం. రాశి పక్కన తాత గొంతుక్కూర్చునేవాడు, చేతిలో నల్లబడిన కుంచం. మొదటి కుంచం పోస్తూ "లాభం" అనేవాడు. ఆ తర్వాత రెండు, మూడు. ఒకటి అనకూడదు. "ఒకటి అనాలె కద తాతా" అని నేనడిగితే, "లాభం అంటే పెరుగుతది బిడ్డా" అన్నాడు. ఎవరికి పెరుగుతుందో నేను అడగలేదు, ఏడేళ్ళదాన్ని.

కుంచం నిండాక గింజలు పైన గోపురంలా నిలుస్తాయి కదా. తాత దాన్ని అరచేత్తో ఒక్క రాపు రాసేవాడు. ఆ గోపురం మళ్ళీ రాశిలోకే జారేది. పిల్లలం ఆ జారడాన్ని చూడ్డానికే అక్కడ కూర్చునేవాళ్ళం, బంగారపు ఇసుకలా ఉండేది. కొంగు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళు కుంచాన్ని చూసేవాళ్ళు కాదు, తాత అరచెయ్యి వైపు చూసేవాళ్ళు. అది ఇవాళే గుర్తొచ్చింది, ఇన్నేళ్ళూ రాలేదు. అంతా అయ్యాక నాయనమ్మ వచ్చేది. రాశిలోంచి దోసెడు తీసి ఒక్కొక్కరి కొంగులో పోసేది. తాత చూసీ చూడనట్టు పక్కకు తిరిగేవాడు. "మీ నాయనమ్మ చెయ్యి పెద్దది" అని ఊళ్ళో ఇప్పటికీ అంటారు. నా పెళ్ళిలో కూడా అన్నారు. నేనూ ఈ కథ అందరికీ గర్వంగా చెప్తుంటాను, ఇక్కడ కూడా ఒకసారి రాశాను.

ఇప్పుడు లెక్క చూస్తుంటే, ఆ దోసెడు తాత అరచెయ్యి రాసేసిన గోపురం కంటే ఎక్కువుండేదా? నాకు నమ్మకం లేదు. నేనేం చేస్తున్నాను మరి? దసరాకు చీర పెడతాను. లక్ష్మి కొడుకు ఫీజుకు అడ్వాన్స్ ఇచ్చాను. పొద్దున ఇడ్లీ పెట్టిస్తాను. బ్యాంకులో కూర్చోబెట్టి అందరి చేతా 20 రూపాయల సురక్షా బీమా కట్టించాను, ప్రమాదంలో ప్రాణం పోతే 2 లక్షలొస్తాయి, ఫారాలు కూడా నేనే నింపాను. మంచిదాన్నే కదా అనుకుంటూ ఉన్నాను. రోజుకు 250 చొప్పున రాసేసి, ఏడాదికోసారి చీర.

సరే, పాపం చాలు, లెక్క చేద్దాం. ఇవాళ వచ్చింది 4,000. కూలి 1,450, టిఫిన్లు భోజనాలు టీలు 240, పెట్రోలు 200, బ్లేడ్లు రబ్బరు సబ్బు 150. మొత్తం 2,040. మిగిలింది 1,960. అందులోంచి గోడౌన్ అద్దె, ఖాళీ రోజులు, పోయిన నెల డబ్బులెగ్గొట్టిన ఆ అమీర్‌పేట షోరూం. లక్ష్మికీ 850 అంటే రోజుకు 250 ఎక్కువ, నెలకు పద్దెనిమిది రోజుల పని దొరికితే 4,500. అంటే నెలకొక ఫ్లాటు బిల్లు. ముగ్గురు ఆడవాళ్ళు, 13,500. ఇక్కడికొచ్చేసరికి నాకూ తాత చెయ్యే వచ్చేసింది.

మా అకౌంటెంట్ తమ్ముడు పోయినసారే చెప్పాడు. ఒకే రకం పనికి ఆడ మగ తేడా పెట్టకూడదని 1976లోనే చట్టం ఉంది, ఇప్పుడది వేతనాల కోడ్‌లో కలిసింది, 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉంది అని. "మాకు ఆడ మగ కాదు తమ్ముడూ, నిచ్చెన" అన్నాను. వాడు నవ్వి ఊరుకున్నాడు. ఇంకో మాట కూడా వాడే చెప్పాడు. నెల కనీస వేతనాన్ని రోజుకు లెక్కగట్టాలంటే 26తో భాగిస్తారట. 600ని 26తో గుణిస్తే 15,600, కాగితం మీద బాగానే ఉంటుంది. మా దగ్గర పని పద్దెనిమిది రోజులు. లక్ష్మి ఇంటికి చేరేది 10,800. వానాకాలంలో అదీ ఉండదు, వాన పడితే మళ్ళీ మరకలే కదా అని ఎవరూ పిలవరు. దసరాకీ దీపావళికీ మాత్రం ఊపిరాడదు. పని లేని రోజు నష్టమంతా ఆమెది, పని ఉన్న రోజు లాభం నాది. రోజు కూలి కాదు, నెల జీతమే పెట్టాలేమో. అసలు గొడవ 250 కాదేమో.

కానీ నెల జీతం అంటే లక్ష్మే ఒప్పుకుంటుందా? కొడుకు బడిలో మీటింగంటే చెప్పి ఆగిపోయే వీలు రోజు కూలిలోనే ఉంది. కిటికీకింత అని నిరుడు పెట్టి చూశాం కదా, రెండు వారాల్లో వదిలేశాం. అందరూ పరుగులే. ట్రాకుల్లో మట్టి అట్లాగే ఉండిపోయేది, యాదగిరి సేఫ్టీ బెల్టు పెట్టుకోవడానికి కూడా టైం వేస్టు అన్నాడు. ఇక లక్ష్మికి అతనితో సమానంగా ఇస్తే అతను కూలీల అడ్డా మీదికి పోతానంటాడని ఆయన భయం. నిజం చెప్పాలంటే నాదీ.

అయినా అందరికీ ఒకటే కూలి పెట్టి, నిచ్చెన ఎక్కిన రోజుకు మాత్రం పైన 100 అంటే? ఎవరెక్కితే వాళ్ళకు. ఛార్జీల 50 మాత్రం రేపటినుంచే వెనక్కి, అందులో చర్చ లేదు, ఆయనకు పొద్దున చెప్తాను.

రాస్తుంటే ఇంకోటి. మొన్న శ్రావణంలో లక్ష్మి పంజాబీ డ్రెస్ వేసుకొచ్చి, "నేనెక్కుత అక్కా, యాదన్నకు నడుం నొస్తుంది" అన్నది. నాలుగు మెట్లెక్కింది కూడా. నేనే గాభరాపడి దించేశాను. ఏమన్నా అయితే దాని పిల్లలకు నేనేం చెప్పాలి అని. యాదగిరికీ ఇద్దరు పిల్లలున్నారు, అతన్ని ఎప్పుడూ దించలేదు.

రేపు కూకట్‌పల్లిలో క్లినిక్ పని. ఒక్క అంతస్తే, ముందు బోర్డూ పై అద్దాలూ. నిచ్చెన కావాలి, బెల్టు ఉంది, కట్టుకోవడానికి పైన రెయిలింగ్ గట్టిదే, పోయినసారి చూశాను. లక్ష్మికి ఫోన్ చేసి, రేపు డ్రెస్ వేసుకుని రా, నిచ్చెన నీకిష్టమైతేనే అని చెప్పాను. "గింత రాత్రి ఫోన్ జేసినవ్, ఏమైందో అనుకున్న" అని తిట్టి, సరేనన్నది.

యాదగిరికి మెసేజ్ పెట్టాను. "రేపు లక్ష్మి ఎక్కుతుంది, నిచ్చెన నువ్వు పట్టుకోవాలె తమ్మీ. నీ 850 నీకే."

టిక్కులు నీలమై పది నిమిషాలైంది. ఇంకా జవాబు లేదు.