జూనో-106: నాలుగో వాయిస్‌తో ఐదు వారాలు

నిన్న రాత్రి పదకొండున్నరకు నా రోలాండ్ జూనో-106 సింథసైజర్‌లో నాలుగో వాయిస్ (ఒకేసారి ఆరు స్వరాలు పలికించే ఆరు మార్గాల్లో ఒకటి) తక్కిన ఐదింటితో కలిసి మోగింది. బయట రెండు రోజులుగా ముసురు, గదిలో తేమ 81 శాతం. సరిగ్గా ఇలాంటి రాత్రుల్లోనే అది ఇంతకాలం గొంతు పూడుకుపోయినట్టు పలికేది. పట్టరాని సంతోషంతో ఆరు వేళ్లతో ఒకే కార్డ్ పట్టుకొని చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

నాది జపాన్ దేశవాళీ యంత్రం, 100 వోల్టులది, కాబట్టి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద నడుస్తుంది. వేసవిలో ఒక్కో వాయిస్‌కు ఒకటి చొప్పున ఉండే ఆరు 80017ఎ ఫిల్టర్ చిప్‌లనూ విప్పి, అసిటోన్‌లో రెండేసి రోజులు నానబెట్టి, వాటిని పాడుచేసే ఎపాక్సీ పొర వలిచి, సాకెట్లు వేసి తిరిగి కూర్చోబెట్టాను, ఆరూ బతికాయి. మెమరీ బ్యాటరీకి హోల్డర్ వేశాను, స్లైడర్లు శుభ్రమయ్యాయి, కోరస్ చక్కగా ఉంది. మిగిలింది నాలుగో వాయిస్ ఒక్కటే.

టెస్ట్ మోడ్‌లో ఒక్కో వాయిస్‌ను విడిగా విన్నప్పుడు లోపం ఇలా ఉండేది. శ్రుతి ఎక్కడా తప్పదు. జూనోలో స్వరాన్ని పుట్టించే ఆసిలేటర్‌ను అదుపులో ఉంచేది డిజిటల్ గడియారం గనుక అది తప్పే వీలూ లేదు. తప్పుతున్నది స్వరంలోని పదునును కోసి మెత్తబరిచే ఫిల్టర్. నాలుగో వాయిస్‌లో అది కొంత మూసుకుపోయి స్వరం మబ్బుగా వినిపించేది, దాని అడుగున సన్నని జీర కూడా ఉండేది. రెజొనెన్స్ పూర్తిగా పెంచి ఫిల్టర్ తానుగా కూసేటట్టు చేసి ట్యూనర్‌తో చూస్తే, మిగిలిన ఐదూ ఒకదానికొకటి 4 సెంట్ల (అర్ధస్వరంలో నూరో వంతు ఒక సెంటు) లోపే ఉండగా, నాలుగోది ఒకనాడు 40 సెంట్లు, ఒకనాడు 110 సెంట్లు తగ్గి ఉండేది. ట్రిమ్మర్ (బోర్డు మీది చిన్న సర్దుబాటు మర) తిప్పి సరిచేస్తే మర్నాటికి మళ్లీ వేరే చోట ఉండేది. యంత్రం వేసిన వెంటనే తేడా అత్యధికంగా ఉండి, నలభై నిమిషాలు నడిచాక చాలావరకు సర్దుకునేది. ఈ చివరి లక్షణమే నన్ను మూడు వారాలు తప్పుదారి పట్టించింది.

మొదటి అనుమానం సహజంగానే చిప్ మీద. నాలుగో స్థానంలోని చిప్‌ను రెండో స్థానానికి, రెండోదాన్ని నాలుగుకు మార్చాను. జబ్బు చిప్‌తో పాటు వెళ్లలేదు, స్థానాన్నే అంటిపెట్టుకొని ఉండిపోయింది. క్లోన్ చిప్‌లు, అంటే కొత్తగా చేసిన నకళ్లు, తెప్పించుకుంటే ఈ బాధ ఉండదని చాలామంది అంటారు, కాని ఈ లోపానికి వాటివల్ల ఒరిగేది ఏమీ ఉండేది కాదు. పైగా పాత చిప్ బతికి ఉన్నంతకాలం దాన్నే ఉంచాలన్నది నా పట్టుదల. ఎందుకంటే దాని లోపల ఉన్న ఐఆర్3109 రోలాండ్ పాత సింథసైజర్లు జూపిటర్-8లోనూ జూనో-60లోనూ వినిపించే ఫిల్టరే.

రెండో అనుమానం కరెంటు మీద. మా ఇంట్లో సాయంత్రాలు 212 వోల్టుల దాకా దిగి, అర్ధరాత్రి 241 దాకా ఎక్కుతుంది. కాని బోర్డు మీద కొలిస్తే రోజంతా +14.98, −15.03 దగ్గరే నిలకడగా ఉన్నాయి. మూడోది ట్రిమ్మర్. కొత్తది వేశాను, మార్పు లేదు.

నాలుగోది వేడి. నలభై నిమిషాల్లో సర్దుకుంటోందంటే ఎక్కడో సోల్డర్ జాయింట్ పగిలి ఉండాలని, వేడెక్కి వ్యాకోచించినప్పుడు అతుక్కుంటోందని నమ్మాను. పరీక్షకు గాలి డబ్బాను తలకిందులుగా పట్టి నాలుగో వాయిస్ ప్రాంతాన్ని చల్లబరిచాను. ఫిల్టర్ వెంటనే కుప్పకూలింది. ఇక సందేహమే లేదనుకొని ఆ ప్రాంతంలోని ముప్పైకి పైగా జాయింట్లను, ధారాళంగా ఫ్లక్స్ (సోల్డర్ బాగా పట్టడానికి రాసే జిగురు పదార్థం) రాసి, మళ్లీ కరిగించాను. రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజు వాన పడింది, లోపం మునుపటికంటే ఎక్కువైంది. చల్లబరిచిన చోట గాలిలోని తేమ నీరుగా పేరుకుంటుందన్న చిన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు. చలి వల్ల అనుకున్నది నిజానికి ఆ నీటి వల్ల.

తట్టింది నోటుపుస్తకం తిరగేసినప్పుడే. ప్రతి కొలతకూ తేదీ రాసే అలవాటు ఉంది. లోపం ముదిరిన తేదీలన్నీ వాన తేదీలు. మా ఇల్లు విశాఖలో సముద్రానికి కిలోమీటరున్నర దూరం, తడి గుడ్డ ఆరడానికే పూట పట్టే చోటు. చిన్న తేమ కొలిచే పరికరం కొని, యంత్రం వేసిన మొదటి నిమిషంలోనే ఫిల్టర్ తేడా నమోదు చేయడం మొదలుపెట్టాను. ఏసీ రెండు గంటలు వేసి తేమను 52 శాతానికి దించితే 5 సెంట్లు, 78 శాతం దగ్గర 39, 91 దగ్గర 110. నడిచిన కొద్దీ సర్దుకోవడం కూడా అర్థమైంది: లోపలి వేడికి బోర్డు ఆరుతోంది.

తేమ ఎక్కడ దెబ్బ కొట్టగలదన్నది తర్వాతి ప్రశ్న. జూనోలో ఫిల్టర్‌కు వెళ్లే వోల్టేజీని ప్రాసెసర్ ఒకే డీఏసీ (అంకెలను వోల్టేజీగా మార్చే భాగం) ద్వారా తయారుచేసి, 4051 మల్టీప్లెక్సర్ స్విచ్ చిప్‌లతో ఒక్కో వాయిస్‌కు వంతులవారీగా పంచుతుంది. తన వంతు మళ్లీ వచ్చేదాకా ఆ వోల్టేజీని నిలిపి ఉంచేది ఒక చిన్న కెపాసిటర్. దాని నుంచి పక్క ట్రాక్‌కు వందల మెగా ఓమ్‌ల దారి ఏర్పడినా చాలు, వంతుకూ వంతుకూ మధ్య వోల్టేజీ జారిపోతుంది. మల్టీమీటర్‌తో ఇది దొరకదు. నాది 60 మెగా ఓమ్‌లు దాటితే చేతులెత్తేస్తుంది. ఆసిల్లోస్కోప్ ప్రోబ్‌ను నేరుగా కెపాసిటర్ మీద పెట్టడం కూడా తప్పే, ఎందుకంటే ప్రోబ్ తాలూకు 10 మెగా ఓమ్‌లే పెద్ద కారుడవుతాయి. అందుకని కెపాసిటర్‌పై భారం పడకుండా కాపాడే బఫర్ దాటిన తర్వాత, మారే భాగాన్ని మాత్రమే చూపే ఏసీ కప్లింగ్‌లో చూశాను. ఐదు వాయిస్‌లలో గీత దాదాపు చదును, జారుడు 2 మిల్లీవోల్టుల లోపు. నాలుగోదానిలో రంపపు పళ్లు! 78 శాతం తేమ దగ్గర జారుడు 30 మిల్లీవోల్టులు, 91 దగ్గర 85. స్వరం కింద వినిపించిన జీర ఈ రంపపు పళ్లదే.

చోటు కనిపెట్టడానికి వాడిన సాధనం జ్యూస్ తాగే స్ట్రా. ఒక చివర నోట్లో, ఇంకో చివర బోర్డుకు అంగుళం దూరంలో పెట్టి మెల్లగా ఊపిరి వదలాలి. అంతటా వదులుతూ పోతే ఏమీ కదలలేదు. మల్టీప్లెక్సర్‌కూ బఫర్‌కూ మధ్య, నేను వేసిన సాకెట్ పట్టీ పక్కన వదిలినప్పుడు రంపపు పళ్లు రెండు సెకన్లలో 30 నుంచి 140 మిల్లీవోల్టులకు లేచి, మెల్లగా దిగాయి. హెయిర్ డ్రయ్యర్ అదే చోట చూపిస్తే 4కు పడిపోయాయి. ఖరీదైన ఫ్రీజ్ స్ప్రేల కంటే స్ట్రాయే మేలని ఇప్పుడు నా అభిప్రాయం, కనీసం సముద్రతీరంలో ఉండేవారికి.

అక్కడ మిగిలిపోయిన ఫ్లక్స్ తేమ పీల్చి వోల్టేజీని కారనిస్తోందని అర్థమై, కడగడం మొదలుపెట్టాను. మొదటి శుభ్రత విఫలమైంది. మందుల షాపులో దొరికిన 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగాను. అది ఫ్లక్స్‌ను తీసేయలేదు, పలచగా కరిగించి చుట్టూ పరిచింది. ఆరాక తెల్లని పొర మిగిలింది, జారుడు 30 నుంచి 55కు పెరిగింది. రసాయనాల దుకాణం నుంచి 99.9 శాతంది తెచ్చి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, అది ఆరకముందే నూలు గుడ్డతో అద్ది తీసేశాను. ఇలా మూడుసార్లు చేస్తే 14కు దిగింది, అక్కడ ఆగిపోయింది. చివరికి సాకెట్ పట్టీని ఊడదీయక తప్పలేదు. దాని అడుగున, బ్రష్ దూరని సందులో, తేనె రంగు ఫ్లక్స్ బొట్టు సరిగ్గా ఆ కెపాసిటర్ కాలినీ పక్క ట్రాక్‌నూ కలుపుతూ గట్టిపడి ఉంది. ప్లాస్టిక్ పుల్లతో గీకి, కడిగి, హెయిర్ డ్రయ్యర్ సన్నని వేడిలో ఇరవై నిమిషాలు ఆరబెట్టి, ఈసారి అడుగున గాలి ఆడేలా సాకెట్‌ను కొంచెం ఎత్తులో అతికించాను. కొత్త ఫ్లక్స్ ఏమీ రాయలేదు, సోల్డర్ తీగలో ఉన్నదే సరిపోయింది. నిన్న రాత్రి 81 శాతం తేమలో జారుడు 3 మిల్లీవోల్టులు, ఫిల్టర్ తేడా 4 సెంట్లు.

శుభ్రం చేసిన చోట యాక్రిలిక్ పూత వేసేయమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. నాకు మనసొప్పడం లేదు. ఈ మోడల్‌లో చిప్‌లను పాడుచేసినదే వాటి మీద వేసిన పూత. దాన్ని వలవడానికి వేసవి అంతా ఖర్చు పెట్టి, మళ్లీ నా చేత్తో ఇంకో పూత వేయలేను. లోపల ఇసుమంత తేమ ఉండగా మూత వేస్తే అది ఎటు పోతుంది? దానికి బదులు పెట్టె అడుగున రెండు సిలికా జెల్ సంచులు ఉంచాను, వాయించనప్పుడు గుడ్డ కప్పుతున్నాను, వానాకాలంలో రోజుకు గంటైనా స్విచ్ వేసి ఉంచుతున్నాను.

ఇంకా చూడవలసింది 90 శాతం దాటిన రోజు. అప్పటికీ 10 మిల్లీవోల్టులు దాటకపోతే నాలుగో వాయిస్ పుస్తకం మూసేస్తాను. దాటితే కెపాసిటర్‌ను తీసి పాలీప్రొపిలీన్‌ది వేస్తాను. తక్కిన ఐదు సాకెట్ల అడుగులు కూడా నా చేతి పనే కనుక స్ట్రా పరీక్ష వాటికీ తప్పదు, ఈ ఆదివారం అదే పని.

ఆ తర్వాతది చెన్నైలో ఎదురుచూస్తోంది. మూసేస్తున్న ఒక చిన్న స్టూడియోలో కోర్గ్ పాలీసిక్స్ సింథసైజర్ ఉంది, 1981లో వచ్చిన మోడల్, ఎస్‌ఎస్‌ఎమ్2044 ఫిల్టర్లది. దాన్ని వినడం నాకు చాలాకాలపు కోరిక. వాటిలో కేఎల్ఎమ్-367 బోర్డు మీది నికెల్ కాడ్మియం బ్యాటరీ కారి ట్రాక్‌లను తినేస్తుందని తెలిసిందే. కొనేముందు వెనుక మూత విప్పి చూడనిస్తారా అని అడిగాను, ఒప్పుకున్నారు. టార్చ్, భూతద్దం, స్ట్రా మూడూ సంచిలో పెట్టుకున్నాను.