జీపీఎల్ పెట్టడం సులువే, కాలేజీ సంతకం తెచ్చుకోవడమే కష్టం

నేను రాసిన ప్రోగ్రాంను జీపీఎల్ అనే లైసెన్సు కింద అందరికీ ఇవ్వాలనుకున్నాను. దాని మీద కాలేజీకి హక్కు లేదని మా కాలేజీ కరెస్పాండెంట్ సంతకం పెట్టిన కాగితం నిన్న సాయంత్రం చేతికొచ్చింది. కోపం ఇంకా చల్లారలేదు, మనసు మాత్రం తేలికపడింది. ఇదే దారిలో వచ్చేవాళ్లకు పనికొస్తుందని వెంటనే రాస్తున్నాను.

నేను కర్నూలులో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్స్ లెక్చరర్ని. మార్కెట్ యార్డులో ఉల్లి మండీ నడిపే మా బావ కోసం, ఇంట్లో, నా సొంత ల్యాప్‌టాప్‌లో, పైథాన్‌తో ఒక ప్రోగ్రాం రాశాను. బస్తాలు, తూకం, క్వింటా ధర, హమాలీ, మిగతా కోతలు కొడితే రైతుకిచ్చే పట్టీ, అంటే అమ్మకం లెక్క చీటీ, తెలుగులో ప్రింటవుతుంది. అంతకుముందు బావ వాడిన సాఫ్ట్‌వేర్, ఏడాది డబ్బు కట్టడం ఆలస్యమైందని సరిగ్గా సీజన్‌లో తెరుచుకోవడం మానేసింది. రైతుల పాత లెక్కలన్నీ అందులోనే ఇరుక్కుపోయాయి. నేను రాసేదానికి ఎవరూ, చివరికి నేను కూడా, తాళం వేయలేకుండా ఉండాలని ఆ రోజే నిర్ణయించుకున్నాను.

అందుకే గ్నూ జీపీఎల్ లైసెన్సు ఎంచుకున్నాను. ప్రోగ్రాంను ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. కానీ ఇంకొకరికి ఇచ్చేటప్పుడు సోర్సు కోడు, అంటే ప్రోగ్రాం అసలు రాత, దాంతోపాటు అవే హక్కులు వాళ్లకూ ఇచ్చి తీరాలి. 1991లో వచ్చిన రెండో వెర్షన్ నాకు కుదరలేదు. నేను వాడిన ఒక లైబ్రరీ, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ కోడు, అపాచీ 2.0 అనే ఇంకో లైసెన్సుతో ఉంది, అది 2007లో వచ్చిన మూడో వెర్షన్‌తోనే కలుస్తుంది. మీరూ మొదట చూసుకోవాల్సింది ఇదే. పట్టీ మీది అక్షరాలకు వాడిన 'మండలి' అనే తెలుగు ఫాంటుకు తన లైసెన్సు తనకుంది. ఆ లైసెన్సు ఫైలును కదిలించకుండా ఫాంటు పక్కనే ఉంచాను.

జీపీఎల్ పెట్టే పని ఒక్క పూటది. లైసెన్సు మొత్తాన్ని అక్షరం మార్చకుండా కాపీయింగ్ (COPYING) అనే ఫైల్లో పెట్టాలి. ప్రతి సోర్సు ఫైలు పైన కాపీరైట్ లైను, సంవత్సరం, పేరు, కింద జీపీఎల్ వాళ్లే ఇచ్చిన అనుమతి పేరా, అందులో వారంటీ లేదన్న మాట ఉండాలి. 'మూడో వెర్షన్ లేదా ఆ తర్వాతి ఏ వెర్షనైనా' అన్న ముక్క నేను ఉంచాను.

'కోడు నెట్‌లో పెట్టేస్తే చాలు కదా, ఇదంతా ఎందుకు' అన్న తోటి లెక్చరర్లకు ఒకటే చెబుతాను. లైసెన్సు లేని కోడు అందరికీ కనిపించినా, కాపీ చేసే హక్కు ఎవరికీ ఇచ్చినట్టు కాదు. పిల్లలకు పాఠం చెప్పేవాళ్లకే ఇది తెలియకపోవడం నాకు బాధగా ఉంది.

అసలు కథ ఇక్కడ మొదలైంది. ఉద్యోగంలో ఉన్నవాళ్లు అవసరమైతే యజమాని నుంచి 'ఈ ప్రోగ్రాం మీద మాకు హక్కు లేదు' అని కాగితం తీసుకోమని జీపీఎల్ చివర్లోనే రాసి ఉంటుంది. అలాంటి కాగితానికి ఇంగ్లీషు నమూనా ఒకటి నా దగ్గర ఉంది. మన 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా చేసిన రచనకు మొదటి హక్కుదారు యజమానే. ఆ చట్టం కింద కంప్యూటర్ ప్రోగ్రాం కూడా రచనే. నాది ఉద్యోగంలో భాగం కాదని నాకు తెలుసు. కానీ కంప్యూటర్ లెక్చరర్ రాసిన ప్రోగ్రాం కాబట్టి రేపు ఎవరైనా పేచీ పెడితే? అనుమానం మిగిలితే మండీల వాళ్లు ఇరుక్కుంటారు.

ఆ నమూనా పట్టుకుని ఆఫీసుకు వెళ్తే ఏఓ (పరిపాలనాధికారి) తలెత్తలేదు. ఫీజు కట్టడానికొచ్చిన తల్లిదండ్రుల ముందు నిలబెట్టి, "ఊరికే ఇచ్చేదానికి సంతకమెందుకప్పా? ఇందులో ఏందో ఉంది," అన్నాడు. ఇంగ్లీషులో ఉన్న నమూనాను తిప్పి తిప్పి చూసి స్టాంపు ప్యాడ్ మూసేశాడు. కరెస్పాండెంట్ గదిలో ఇంకా ఘోరం. నా దగ్గర చదివి ఇప్పుడు అక్కడే పనిచేస్తున్న ఇద్దరు జూనియర్ల ముందు, "జీతం చాలడం లేదా సార్, బయట పనులు పెట్టుకున్నారు?" అని అడిగారు. పైసా తీసుకోలేదని చెప్పినా నమ్మలేదు. ఆ తర్వాత బేరం మొదలైంది. ప్రింటయ్యే ప్రతి పట్టీ మీద కాలేజీ పేరు, అడ్మిషన్ల ఫోన్ నంబరు వేస్తే సంతకం పెడతామన్నారు.

ఒప్పుకోలేదు. రైతు తన ఉల్లికి ఎంత వచ్చిందో చూసుకునే కాగితం మీద కాలేజీ ప్రకటన వేయడం తప్పు. "ఉద్యోగం పోయినా వేయను సార్," అని మొహం మీదే చెప్పి వచ్చాను. ఆ మాట అన్నందుకు ఈరోజుకీ గర్వంగా ఉంది.

దారి చూపించింది ఇక్కడి కోర్టులో ప్రాక్టీసు చేసే ఒక వకీలు. ఆయన నమూనా పక్కన పెట్టి తెలుగులో నాలుగే లైన్లు రాశారు: ప్రోగ్రాం పేరు, అది కాలేజీ పనివేళల్లో గానీ కాలేజీ సామగ్రితో గానీ రాసింది కాదని, దాని మీద కాలేజీకి ఏ హక్కూ లేదని, రాసినవాళ్లు తమకిష్టమైన లైసెన్సు కింద ఇవ్వవచ్చని. "కాలేజీకి దీనివల్ల ఏ ఖర్చూ, ఏ బాధ్యతా లేదు అని కూడా కలపండి, వాళ్ల భయమంతా అక్కడే ఉంది," అన్నారు. అదే పనిచేసింది. ఏఓ మూతి ముడుచుకునే ముద్ర వేశాడు.

మీకు నా సలహా: ఈ కాగితం కోడు మొదలుపెట్టే ముందే అడగండి, తెలుగులో అడగండి, సంతకం పెట్టేవాళ్ల హోదా, తేదీ, ముద్ర ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. కాలేజీ ల్యాబు కంప్యూటర్ మాత్రం ముట్టుకోవద్దు. కోడులో ఇంకెవరి చెయ్యి పడినా వాళ్ల ఒప్పుకోలు కూడా రాతలో ఉండాలి. బావ మండీలోని గుమాస్తా హమాలీ లెక్కను తనకు తానే సరిచేసి పంపాడు. జీపీఎల్ కిందే ఇస్తున్నానని ఆయన చేత రాయించుకుని, ఆ ఫైల్లో నా పేరు కింద ఆయన పేరుతో ఇంకో కాపీరైట్ లైను చేర్చాను.