ఐసోలా సాక్రా: చనిపోయినవాళ్లకు వైన్ పోసిన చోట

రోమ్ మెట్రో బి లైన్‌లో పిరమిదె స్టేషన్ దగ్గర దిగితే మొదటి సమాధి ఎదురుగానే కనిపిస్తుంది. గైయుస్ సెస్టియుస్ పిరమిడ్, సుమారు 36 మీటర్ల ఎత్తు. వీలునామా ప్రకారం 330 రోజుల్లో కట్టి ముగించారని దాని మీదే చెక్కారు. ఇప్పుడు నగరం గోడలో కలిసిపోయింది గానీ, కట్టినప్పుడు అది ఊరి బయట రోడ్డు పక్కన ఉండేది. ఊళ్లో శవాన్ని పూడ్చకూడదు, కాల్చకూడదని రోమ్ తొలి లిఖిత చట్టమైన క్రీ.పూ. 5వ శతాబ్దపు పన్నెండు ఫలకాల శాసనం నుంచీ కట్టడి. అందుకే రోమన్ సమాధులు చూడాలంటే ఊరు దాటే పాత రోడ్డు పట్టుకోవాలి.

పక్కనే పోర్టా సాన్ పావోలో స్టేషన్‌లో లోకల్ ట్రైన్ ఎక్కి, పాత రోమన్ ఓడరేవు పట్టణం ఓస్తియా శిథిలాలున్న ఓస్తియా ఆంతికాలో దిగాను. ఆ శిథిలాలకే ఒక రోజు కావాలి. నేను వచ్చింది టైబర్ నది అవతలున్న ఐసోలా సాక్రా శ్మశానం కోసం. ఓస్తియాకూ పోర్టుస్ ఓడరేవుకూ మధ్య రోడ్డు వెంట క్రీ.శ. 1 నుంచి 4వ శతాబ్దం దాకా వెలసిన సమాధులివి. ఎక్కువమంది వ్యాపారులు, చేతిపనివాళ్లు, బానిసత్వం నుంచి విడుదలైనవాళ్లు.

ఒక్కో సమాధి ఇటుకలతో కట్టిన చిన్న ఇల్లు. గుమ్మం పైన రాతిపలకను ఓపిగ్గా చదవాలి. మొదట డి.ఎం. అనే రెండక్షరాలు, అంటే 'పితృదేవతలకు'. తర్వాత కట్టించినవాళ్ల పేర్లు, ఆ తర్వాత హక్కుదారులు: తమకు, తమ పిల్లలకు, తాము విడిపించిన బానిసలకు, వాళ్ల సంతానానికి. చివర స్థలం కొలతలు, అడుగుల్లో. 'ఇన్ ఫ్రోంటె' అంటే రోడ్డు వైపు, 'ఇన్ ఆగ్రో' అంటే లోపలికి. రోమన్ అడుగు సుమారు 29.6 సెంటీమీటర్లు. రోమన్ సమాధుల మీద 'ఈ సమాధి వారసుడికి చెందదు' అనే మాట కూడా తరచు ఉంటుంది. వారసుడు ఆస్తితో పాటు దీన్నీ అమ్మేస్తే లోపలివాళ్లకు నైవేద్యం పెట్టే దిక్కుండదు. వాళ్ల అసలు భయం అదే అనిపిస్తుంది నాకు.

ఒక సమాధి స్క్రిబోనియా అత్తికె అనే మంత్రసానిది. ఆమె పనిని చూపే మట్టిపలకలో గర్భిణి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చుంది, వెనక ఒకామె భుజాలు పట్టుకుంది. ముందు చిన్నపీట మీద కూర్చున్న మంత్రసాని చెయ్యి కాన్పు మీద, చూపు మాత్రం మనవైపు!

లోపల గోడల్లో గూళ్లు. వాటిలో బూడిద కుండలను సున్నంతో బిగించేశారు. చితి చల్లారాక ఎముకలు ఏరి, వైన్‌తో తడిపి కుండలో పెట్టేవారు. 2వ శతాబ్దం నుంచి పూడ్చడం పెరిగింది, అందుకే అదే గదిలో కింద శవాల కోసం కమానులూ ఉన్నాయి. కొన్ని గుమ్మాలకు అటూ ఇటూ ఏటవాలు అరుగులు చూశాను. అవి కూర్చోవడానికి కావు. తొమ్మిదో రోజున, ఆ తర్వాత పండగల్లో, బంధువులు వాటి మీద ఒరిగి భోంచేసేవారు.

ఇళ్ల మధ్య ఖాళీ నేలలో నేను ఎక్కువసేపు ఆగాను. ఇది పేదల చోటు. బూడిద నింపిన ఆంఫోరా జాడీని నేలలో పాతి మెడ మాత్రం పైకి వదిలేవారు. ఆ మెడే గుర్తు, అందులోంచే వైన్, పాలు పోసేవారు. కొన్నిచోట్ల రెండు పెంకులు డేరాలా ఆనించి శవాన్ని కప్పారు. అంత్యక్రియలు భరించలేనివాళ్లు సంఘాల్లో చేరేవారు. రోమ్ దగ్గరి లానువియుం పట్టణంలో దొరికిన క్రీ.శ. 136 నాటి శాసనం ప్రకారం అలాంటి ఒక సంఘంలో చేరేటప్పుడు 100 సెస్టర్సులు (రోమన్ నాణేలు), ఒక ఆంఫోరా మంచి వైన్ ఇవ్వాలి. నెలనెలా 5 ఆస్‌లు (నాలుగు ఆస్‌లు ఒక సెస్టర్సు). సభ్యుడు పోతే ఖర్చుకు 300 సెస్టర్సులు, అందులో 50 చితి దగ్గరికి వచ్చినవాళ్లకు పంచాలి.

నేను వెళ్లింది ఫిబ్రవరిలో, కావాలనే. 13 నుంచి 21 దాకా పరెంతాలియా, పెద్దల రోజులు. అప్పుడు గుళ్లు మూసేవారు, పెళ్లిళ్లు చేసేవారు కాదు. కవి ఒవిడ్ చెప్పిన నైవేద్యం చాలా చిన్నది: దండలు చుట్టిన ఒక పెంకు, కొన్ని గింజలు, చిటికెడు ఉప్పు, వైన్‌లో నానిన రొట్టె, విడి వయొలెట్ పూలు. దారి మధ్య ఒక కుండపెంకులో పెట్టి వెళ్లినా చాలునన్నాడు.